కిరాయి ఇంటి కిటికీకి జాలీ ఎవరు పెట్టించాలి?

హనుమకొండ, కాజీపేటల్లో కిరాయి ఇల్లు వెతికేవారు నల్లా నీళ్లు వస్తాయా, బండి పెట్టుకునే జాగా ఉందా, కరెంటు మీటరు విడిగా ఉందా అని అడుగుతారు గాని, కిటికీలకు దోమల జాలీ ఉందా అని అడగడం తక్కువ. వానలు పడి నాలా పొంగే రోజులకు గాని ఆ సంగతి గుర్తుకు రాదు. అప్పటికి అడ్వాన్సు ఇచ్చేసి, పాలు పొంగించి, సామాను సర్దేసుకుని ఉంటాము.

నయీంనగర్ వైపు మేము ఉంటున్న పోర్షన్‌లో వంటింటి కిటికీకి జాలీ ఉంది గాని, దానిని పట్టి ఉంచే సన్నని చెక్కపట్టీ ఒక పక్క ఊడి, తుప్పు పట్టిన మేకు మీద వేలాడుతూ ఉండేది. పడకగదికి అసలు జాలీయే లేదు. ఓనరు గారిని అడిగితే, "మీకంటే ముందున్నోళ్లు ఎన్నడూ అడగలేదు సార్, మీకు కావాలంటే పెట్టించుకోండి" అన్నారు.

ఈ రెండు కిటికీలను ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరమ్మతులను రెండు భాగాలుగా విడదీసింది: గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, నీటి పైపులు, కరెంటు వైరింగ్ యజమాని వంతు, నల్లాల వాషర్లు, స్విచ్‌లు, పగిలిన కిటికీ అద్దాలతో పాటు జాలీలు మార్చడం కిరాయిదారు వంతు. నమూనా చట్టాన్ని రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలులోకి వస్తుంది, పైగా ఇద్దరూ రాసుకున్న అగ్రిమెంటులో వేరే షరతు ఉంటే దానిదే పైచేయి. అయినా న్యాయమేమిటో తేల్చుకోవడానికి ఆ పట్టిక చాలు. పాతది పాడైతే మార్చే బాధ్యత మాది కనుక వంటింటి జాలీ ఖర్చు మేమే పెట్టుకున్నాము. కాని ఎన్నడూ లేని జాలీని మార్చడమన్న మాటే ఉండదు. పడకగదికి మొదటి జాలీ బిగించి ఇవ్వవలసింది ఇల్లు కిరాయికిచ్చే వారే.

ఇది సౌకర్యం కోసం చేసే గొంతెమ్మ కోరిక కాదు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది కనుక రాత్రి మంచానికి కట్టుకునే దోమతెర ఒక్కటే సరిపోదు. ఎండాకాలంలో కూలర్ వేస్తే ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే గదంతా ఉక్కపోతే. ఆ కూలర్ తొట్టిలో నిలిచిన మంచినీరే మళ్లీ ఏడిస్ గుడ్లు పెట్టే చోటు.

ఇక జాలీ రకం గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. కిటికీ చౌకట్టుకు వెల్క్రోతో అతికించే నైలాన్ జాలీ చవక, విప్పి ఉతుక్కోవచ్చు గాని, ఎండకు పెళుసుబారుతుంది. స్టీలు జాలీ ఖరీదైనా ఏళ్ల తరబడి నిలుస్తుంది. మా వైపు కోతుల సంగతి తెలిసిన వారెవరూ నైలాన్ పెట్టించరు. కోతి చింపిన జాలీ ఎవరి ఖాతాలోకి వస్తుందో ఏ పట్టికా చెప్పదు. కిటికీ గట్టు మీద అరటిపండ్లు పెట్టింది మేమైతే మాది, లేకుంటే చెరిసగం అనుకోవడం మర్యాద.

పదకొండు నెలల అగ్రిమెంటు స్టాంపు కాగితం మీద ఇన్ని షరతులు రాసుకుంటున్నాము, ఏ కిటికీకి జాలీ ఉందో, ఏ స్థితిలో ఉందో మరొక వాక్యం చేర్చి, ఇంట్లో దిగేనాడే ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకుంటే, ఖాళీ చేసేనాడు అడ్వాన్సులో కోతల గొడవ ఉండదు.

చివరకు పడకగదికి కూడా మేమే పెట్టించుకున్నాము, అయితే స్క్రూలతో బిగించే అల్యూమినియం ఫ్రేము ఎంచుకున్నాము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, కిరాయిదారు తాను అమర్చుకున్న వాటిని ఇల్లు తన స్వాధీనంలో ఉండగానే విప్పుకుని తీసుకుపోవచ్చు, ఇంటిని మాత్రం తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. స్క్రూ రంధ్రాలు పూడ్చి రంగు వేయడం మా పని. జాలీ అక్కడే ఉండాలని ఓనరు గారు కోరితే మాత్రం దాని ధర కట్టివ్వవలసి ఉంటుంది.