ఆ ఒక్క పాయింటు
మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో ఫుట్‌బాల్ అంటే గుండ్రటి బంతే అనుకున్నా. ఇక్కడిది కోడిగుడ్డులా ఉంటుంది. నిన్న ఆఫీసులో సెయింట్ కిల్డా అనే ఇక్కడి జట్టు అభిమాని ఒకాయన, మెడలో ఎరుపు తెలుపు నలుపు మఫ్లర్‌తో, 1897 కథ ఎత్తుకున్నాడు. విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదటి సీజన్. 8 జట్లు, విజేత ఎసెండన్. మరి వీళ్లు? 14 ఆటలాడి పద్నాలుగూ ఓడారు! తొలి గెలుపు 1900లో గానీ దక్కలేదట. మా గల్లీ క్రికెట్ టీమే నయం.

గోల్‌కి 6 పాయింట్లు, పక్కనుంచి పోతే ఒకటి అనే లెక్క మొదలైందీ 1897లోనే. సరిగ్గా ఆ ఒక్క పాయింటుతోనే 1966 ఫైనల్లో సెయింట్ కిల్డా వాళ్లు కాలింగ్‌వుడ్ జట్టుని ఓడించారు. సెయింట్ కిల్డాకున్న టైటిల్ అదొక్కటే. ఇదంతా చెబుతూ ఆయన కాఫీ తాగడమే మర్చిపోయాడు.