ఇరవై ఏళ్ల పుస్తకాలకు క్లౌడ్‌లో చోటు: నా అనుభవం

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచిపోయాయి. మా వీధి దాకా వరద రాలేదు. కానీ సింగ్‌నగర్‌లో నాలాగే ఇంట్లో డీటీపీ చేసుకునే ఒకామె కంప్యూటరు, దాని కింది సొరుగులో పెట్టుకున్న బ్యాకప్ హార్డ్‌డిస్క్ రెండూ ఒకే రోజు మునిగిపోయాయి. ఆమె క్రమం తప్పకుండా బ్యాకప్ తీసే మనిషి. ఆ కాపీ కూడా అదే గదిలో ఉండటంతో రెండూ పోయాయి. ఆ మాట విన్న తర్వాత, నా ఫైళ్ల కాపీ ఒకటి ఈ ఊళ్లో కాకుండా మరెక్కడైనా ఉండి తీరాలని నిశ్చయించుకున్నాను.

నా దగ్గర ఉన్నవేమిటో చెప్పాలి. ఇరవై ఏళ్లుగా పుస్తకాలకు కంపోజింగ్ చేసి పేజీలు కడుతున్నాను. కవితా సంపుటాలు, ఊరి చరిత్రలు, గుడి స్థలపురాణాలు, పదవీ విరమణ చేసిన మాస్టార్ల జ్ఞాపకాలు. ఎక్కువ భాగం 500 కాపీలు వేసి, బంధుమిత్రులకు పంచేసే పుస్తకాలు. పదేళ్లు గడిచాక, రచయిత పోయాక, ఆయన కూతురో మనవడో ఫోను చేస్తారు: "నాన్నగారి పుస్తకం మళ్లీ వేయిద్దామనుకుంటున్నామండీ, మీ దగ్గర ఏమైనా ఉందా?" అప్పటికి ప్రెస్సులో ప్లేట్లు ఉండవు, ట్రేసింగులు ఉండవు. మిగిలి ఉండేది నా కంప్యూటరు డి డ్రైవ్‌లో, పేజీలు కట్టే ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలొక్కటే. వీటికి తోడు ఇంటి ఫొటోలు, మా అమ్మమ్మ చేత పాడించి రికార్డు చేసుకున్న పాటలు. అన్నీ కలిపితే 300 జీబీ.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా తమ్ముణ్ణి అడిగితే మొదటే ఒక మాట చెప్పాడు. "అక్కా, స్థలం ఎంత ఇస్తారని ముందు చూడకు. పాడైన ఫైలును ఎన్నాళ్ల వెనకటి నుంచి తిరిగి ఇస్తారో చూడు." ఎన్ని సంస్థల పేజీలు చదివినా నాకు దారి చూపింది ఈ మాటే.

ఎందుకంటే మనలో చాలామంది బ్యాకప్ అనుకునేవి నిజానికి సింక్ సేవలు. గూగుల్ డ్రైవ్ ఉచితంగా 15 జీబీ ఇస్తుంది, అందులోనే మెయిలు, ఫొటోలు కూడా సర్దుకోవాలి. వన్‌డ్రైవ్ 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2 జీబీ. డబ్బు కట్టి స్థలం పెంచుకోవచ్చు, అది వేరే సంగతి. వాటి స్వభావమే వేరు. ఇక్కడ ఫోల్డరులో ఒక ఫైలు చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది, ఇక్కడ పాడైతే ఆ పాడైన ఫైలే అక్కడికీ చేరుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో పడ్డది 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది. రోజూ తెరిచే ఫైళ్లకు ఆ గడువు చాలు. నేను 2009లో పేజీలు కట్టిన పుస్తకాన్ని ఈ ఏడాది ఒక్కసారి కూడా తెరవకపోవచ్చు. అది మార్చిలో పాడైతే, నాకు తెలిసేది ఎవరైనా మళ్లీ వేయిద్దామని అడిగిన రోజునే. నా పనికి 30 రోజులు ఏ మూలకూ చాలవు.

ఇక అసలైన బ్యాకప్ సేవలు. అమెరికా సంస్థ బ్యాక్‌బ్లేజ్ ఒక కంప్యూటరుకు ఏడాదికి 99 డాలర్లు తీసుకుంటుంది, ఎంత పెట్టుకున్నా పరిమితి లేదు. ఫైలు మారకముందు నాటి పాత ప్రతులు ఏడాది పాటు ఉంచమని అడగవచ్చు. దాని మీద మన 18 శాతం జీఎస్టీ, కార్డు మీద విదేశీ మారకపు రుసుము కలుపుకుంటే పదివేల రూపాయలు అవుతుంది. వీడియోలు తీసేవాళ్లకు, పెళ్లి ఫొటోగ్రాఫర్లకు, టెరాబైట్ల కొద్దీ ఉన్నవాళ్లకు అది చవకే అంటాను. 300 జీబీ ఉన్న నాకు పరిమితి లేకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

జీబీల లెక్కన అద్దె తీసుకునే పద్ధతి కూడా ఉంది. ఎంత వాడితే అంతకే కడతాం. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులోనే డేటా సెంటర్లు తెరిచింది, కాబట్టి కావాలనుకుంటే మన ఫైళ్లు తెలుగు నేల మీదే ఉంచుకోవచ్చు. ఆ ఊహ నాకెంతో నచ్చింది. కానీ ఈ పద్ధతిలో పెట్టడానికి ఒక రేటు, బయటికి తీసుకోవడానికి మరో రేటు ఉంటాయి. అన్నిటికన్నా చవకగా ఉండే అటక లాంటి నిల్వలో వేస్తే, ఫైలు అడిగిన తర్వాత చేతికి రావడానికి 12 గంటలు, ఒక్కోసారి 48 గంటలు కూడా పడుతుంది. నెలనెలా బిల్లు ఎంత వస్తుందో ముందు తెలియకపోవడం ఇంటి ఖర్చులు రాసుకునే మనిషికి సుఖం కాదు.

డబ్బు కట్టే పద్ధతి గురించి ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. 2021 అక్టోబరు 1 నుంచి, కార్డు నుంచి నెలనెలా దానంతట అదే సొమ్ము వెళ్లాలంటే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ముందుగా ఓటీపీతో అనుమతి నమోదు చేయాలి, ప్రతిసారీ సొమ్ము తీసుకునే ముందు బ్యాంకు మనకు కబురు పెట్టాలి. మంచి నిబంధనే. అయితే విదేశీ సంస్థల్లో కొన్నిటికి ఈ అనుమతి మన బ్యాంకు కార్డులతో సరిగా కుదరదు. నేను పరీక్షించిన ఒక సేవలో కార్డు తీసుకున్నారు, తర్వాతి చెల్లింపు దగ్గర తిరగ్గొట్టారు. డబ్బు ఆగితే ఫైళ్లూ ఆగిపోయే చోట ఇరవై ఏళ్ల పని పెట్టలేను. అందుకని రెండు షరతులు పెట్టుకున్నాను: రూపాయల్లో కట్టాలి, ఏడాదికి ఒక్కసారి నేను స్వయంగా కట్టేలా ఉండాలి.

వీటన్నిటికన్నా ఎక్కువ నేర్పింది తిరిగి తీసుకునే పరీక్ష. 15 రోజుల ఉచిత గడువు ఇచ్చిన బ్యాక్‌బ్లేజ్‌లో ఒక కవితా సంపుటం ఫోల్డరును ఎక్కించి, మా వారి ల్యాప్‌టాప్‌లోకి దించాను. అందులో పేజ్‌మేకర్ ఉంది, నా ఫాంట్లు లేవు. ఫైలు తెరవగానే పానోస్ అనే పెట్టె వచ్చింది: ఫలానా ఫాంట్లు లేవు, వాటికి బదులు ఇవి వేస్తాను అని ఒక జాబితా. సరే అన్నాను. కవిత ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, యూరపు భాషల ఒత్తులు బారులు తీరాయి. ఒక్క తెలుగు అక్షరం లేదు.

నేను వాడే అను అనే పాత తెలుగు ఫాంట్లతో పని చేసినవాళ్లకు కారణం వెంటనే తెలుస్తుంది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌కు ముందు నాటి పద్ధతివి అవి. ఫైలులో నిజంగా దాగి ఉన్నవి ఇంగ్లిషు గుర్తుల సంఖ్యలే, వాటికి తెలుగు ముఖం ఇచ్చేది ఫాంటు. ఆ ఫాంటు లేని చోట ఫైలు భద్రంగా ఉన్నా పుస్తకం లేనట్టే. ఫాంట్లు ఉండేది సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరు లోపల. బ్యాకప్ సేవలు సాధారణంగా ఆ ఫోల్డరును వదిలేస్తాయి, ఎందుకంటే విండోస్‌ను ఎవరైనా మళ్లీ వేసుకోగలరన్నది వాళ్ల లెక్క. బ్యాక్‌బ్లేజ్ కూడా ఆ మాట తన సహాయ పేజీల్లో స్పష్టంగానే రాసింది. చాలామందికి అది సరైన లెక్కే. తెలుగు డీటీపీ వాళ్లకు మాత్రం ప్రాణం పోయేది అక్కడే.

రెండో సంగతి బొమ్మలది. పేజ్‌మేకర్ బొమ్మను చాలాసార్లు ఫైలు లోపల దాచదు, అది ఉన్న దారిని మాత్రమే గుర్తు పెట్టుకుంటుంది. డి డ్రైవ్‌లోని ఫోల్డరును వేరే చోటికి దించితే ఆ దారి తెగిపోతుంది, ప్రతి బొమ్మకూ ఎక్కడుందని అడుగుతుంది. కాబట్టి పాత దారిలోనే యథాతథంగా దించగల సేవ కావాలి. ఇలాంటివి ఏ పోలిక పట్టికలోనూ కనబడవు. సేవ ఏదైనా, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పాతదీ చిక్కైనదీ ఒకటి ఎంచుకుని, మరో యంత్రంలో తెరిచి చూడండి. ఫొటో దించి చూస్తే ఏ సేవైనా నెగ్గుతుంది.

ఆ రాత్రే ఫాంట్లన్నీ, కీబోర్డు ప్రోగ్రాముల మూల ఫైళ్లతో సహా, డి డ్రైవ్‌లో ఒక ఫోల్డరులోకి తెచ్చుకున్నాను.

చివరికి స్థలాన్నీ పద్ధతినీ విడదీశాను. స్థలం గూగుల్ డబ్బు తీసుకుని ఇచ్చే గూగుల్ వన్‌లో 2 టీబీ (టెరాబైట్లు), నేను చూసిన రోజున ఏడాదికి 6,500 రూపాయలు, యూపీఐతో కట్టవచ్చు. 200 జీబీ దాటితే వాళ్ల తర్వాతి మెట్టు అప్పట్లో నేరుగా 2 టీబీయే, కాబట్టి నాకు కావలసిన దానికన్నా చాలా ఎక్కువే వచ్చింది. కానీ ఫోల్డర్లను నేరుగా దానితో సింక్ చేయలేదు. మధ్యలో డూప్లికాటి అనే ఉచిత ప్రోగ్రాము పెట్టాను. అది ఫైళ్లను చిన్న ముక్కలు చేసి, నా ఇంట్లోనే తాళం వేసి, ఆ తర్వాతే పైకి పంపుతుంది. ఇప్పుడు గూగుల్ డ్రైవ్ తెరిచి చూస్తే నాకైనా కనబడేవి పొడుగాటి పేర్లున్న పెట్టెలే. మారిన ముక్కలు మాత్రమే మళ్లీ వెళ్తాయి, అందుకని ఒక పేజీ దిద్దితే పుస్తకమంతా ఎక్కించాల్సిన పని లేదు. పాత ప్రతుల విషయంలో గడిచిన వారానికి రోజుకొకటి, నెలకు వారానికొకటి, ఏడాదికి నెలకొకటి చొప్పున ఉంచే ఏర్పాటు అందులోనే ఉంది. పుస్తకాల ఫోల్డరుకు అది కూడా వద్దని, ఏ ప్రతినీ చెరపకుండా ఉంచమన్నాను. పూర్తయిన పుస్తకాలు ఎలాగూ మారవు కనుక స్థలం పెద్దగా పెరగదు.

తాళం మన చేతిలో ఉంటే బాధ్యతా మనదే. డూప్లికాటి పాస్‌వర్డు పోతే గూగుల్ కాదు కదా, ఎవరూ తెరవలేరు. దాన్ని కాగితం మీద రాసి ఒకటి బీరువాలో, ఒకటి గుంటూరులో మా అమ్మ దగ్గర పెట్టాను. బ్యాకప్ కోసం విడిగా ఒక గూగుల్ ఖాతా తెరిచాను. నా మెయిలుకు ఏదైనా ఇబ్బంది వచ్చి అది మూతపడితే బ్యాకప్ కూడా దానితో పోకూడదు. ఫోను పోతే లోపలికి వెళ్లడానికి గూగుల్ 10 సంకేతాల జాబితా ఒకటి ఇస్తుంది, దాన్నీ అచ్చు తీసి అదే కవరులో పెట్టాను. పక్కనే మా వారి కోసం, మా అమ్మాయి కోసం తెలుగులో ఒక పేజీ: ఏ ప్రోగ్రాము దించుకోవాలి, ఎక్కడ నొక్కాలి, ఫాంట్లు ముందు ఎందుకు వేయాలి. నేను లేని రోజున కూడా ఆ పుస్తకాలు తెరుచుకోవాలి కదా.

ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందన్న లెక్క చాలామందిని తికమక పెడుతుంది. ఇంటర్నెట్ వేగం చెప్పేది బిట్లలో, ఫైలు కొలిచేది బైట్లలో. 8 బిట్లు ఒక బైటు. 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్ల) లైనులో 300 జీబీ ఎక్కాలంటే, ఆటంకం లేకపోతే దాదాపు 17 గంటలు. ముందు మీ లైను ఎక్కించే వేగం విడిగా కొలుచుకోండి, దించే వేగం ఎంత ఉన్నా ఇక్కడ పనికి రాదు. పగలు ప్రూఫులు పంపుకోవాలి కనుక నేను రాత్రులే నడిపాను. మొదట ఫాంట్లు, తర్వాత పుస్తకాలు, ఆ తర్వాత అమ్మమ్మ పాటలు, చివరికి ఫొటోలు. కరెంటు పోయి ఆగిన చోట మళ్లీ అందుకుంది.

అంతా ఎక్కాక మా వారి ల్యాప్‌టాప్‌లోనే మళ్లీ పరీక్ష పెట్టాను. ఇంతకు ముందు ఆ యంత్రానికి ఈ బ్యాకప్ తెలియదు కాబట్టి డూప్లికాటి ముందుగా పైనున్న పెట్టెల జాబితా అంతా తిరిగి తయారు చేసుకుంది, దానికి చాలాసేపు పట్టింది. ఫాంట్లు దించి వేశాను, తర్వాత అదే కవితా సంపుటాన్ని పాత దారిలోకి దించాను. ఈసారి పానోస్ పెట్టె రాలేదు. ముఖచిత్రం దాని చోట ఉంది. పేజీలు తిప్పుతూ వత్తులు, గుణింతాలు, పేజీ సంఖ్యలు అన్నీ చూశాను. అన్నీ ఉన్నాయి.

హార్డ్‌డిస్క్ మానేయలేదు. 2021 మార్చిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు ఒకటి కాలిపోయినప్పుడు, అక్కడ తప్ప మరెక్కడా కాపీ లేనివాళ్ల డేటా తిరిగి రాలేదు. క్లౌడ్ అంటే ఎక్కడో ఒకచోట ఉన్న కంప్యూటర్లే. కాబట్టి నెలకోసారి హార్డ్‌డిస్క్‌లోకి కూడా తీసి, దాన్ని పై అంతస్తులో పెడుతున్నాను.

ఇప్పుడు పూర్తయిన ప్రతి పుస్తకం ఫోల్డరులో పేజ్‌మేకర్ ఫైలుతో పాటు వాడిన ఫాంట్లు, బొమ్మలు, పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం ఉంచుతున్నాను. ఇక మిగిలినవి తొలి రోజుల్లో పని చేసి ఇచ్చిన పాత సీడీలు. కొన్ని తేలిగ్గా చదవబడుతున్నాయి, కొన్ని మొరాయిస్తున్నాయి. రోజుకు ఒకటి రెండు చొప్పున వాటిని డి డ్రైవ్‌లోకి తెస్తున్నాను.