వానెత్ నెత్తిన ఆంబర్ లైటు

ఆటోనగర్‌లో బొలెరో పికప్ తెచ్చి ఆపి "ఉస్తాద్, పైన ఒక లైటు పెట్టు" అంటే అరగంటలో అయిపోతుంది. టెయిల్ ల్యాంపు వైరు గీకి, మెలేసి, నల్ల టేపు చుట్టి, అయస్కాంతం లైటును టాపు మీద టక్కున అంటించి పంపిస్తారు. వెలిగిందా, వెలిగింది, ఇంకేం కావాలి. అదే చేతివాటంతో సౌదీకో కువైట్‌కో పోయి అలాగే బిగిస్తే బండి సైటు గేటు దాకా పోయి వెనక్కి వస్తుంది. అక్కడ పికప్‌ని వానెత్ అంటారు, వర్క్‌షాపులుండే వాడని సనయ్యా అంటారు. ఆయిల్ సైట్లలో, రోడ్డు పనుల్లో, ఎయిర్‌పోర్టు లోపల తిరిగే వానెత్‌కి ఆంబర్ లైటు అడగడం మామూలే. సేఫ్టీవాళ్లు లైటు ఒక్కటే చూసి వదిలెయ్యరు, బానెట్ ఎత్తించి వైరు ఎక్కడ మొదలైందో కూడా చూస్తారు. హైదరాబాద్ నుంచి ఆటో ఎలక్ట్రీషియన్ పని మీద పోయే తమ్ముళ్లు తడబడేది ఎక్కువగా ఈ బానెట్ దగ్గరే.

ముందు రంగు. ఆంబర్ అంటే నారింజ కలిసిన పసుపు. ఎరుపు, నీలం జోలికి పోవద్దు. అవి పోలీసులకీ అత్యవసర బళ్లకీ కేటాయించిన రంగులు, ఏ దేశంలోనైనా ప్రైవేటు బండి మీద కనిపిస్తే తలనొప్పే. మన దగ్గరా అంతే. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీది ఎర్రబుగ్గలే పోయాయి. అయినా ఎరుపు నీలం కలిపి మెరిసే పట్టీలు దుకాణాల్లో బాహాటంగానే అమ్ముతారు. అమ్ముతున్నారు కదా అని బిగించుకుంటే చలానా కట్టేది అమ్మినవాడు కాదు.

తర్వాత లైటు మీది ముద్ర. నీళ్లు తాగేంతసేపు కూడా పట్టదు చూడటానికి, కానీ చాలామంది చూడరు. గుండ్రం గీతలో పెద్ద ఇంగ్లీషు ఈ (E) అక్షరం, పక్కన అంకె ఉంటే అది యూరప్ ఆమోదం. హెచ్చరిక లైట్లకు వర్తించే నిబంధన ఆర్65. టీఏ1 అని ఉంటే ఒకే స్థాయి వెలుగు, టీఏ2 అని ఉంటే పగటికి ఎక్కువ, రాత్రికి తక్కువ అని రెండు స్థాయిలు. అందులో ఏ (A) అంటే ఆంబర్, చివరి అంకె క్లాసు. అమెరికా పద్ధతి వేరే. చుట్టూ కనిపించే లైటుకి ఎస్ఏఈ జే845, ఒకే దిక్కుకి కొట్టేదానికి జే595. చిక్కు ఎక్కడంటే, ఎస్ఏఈలో క్లాస్ 1 అన్నిటికన్నా ఎక్కువ వెలుగు, క్లాస్ 3 తక్కువ. ఆర్65లో రెండు స్థాయిలున్న మెరుగైనది క్లాస్ 2. స్టోర్ కీపర్ "క్లాస్ 1 తెప్పించు" అంటే ఏ లెక్కలో క్లాస్ 1 అని అడగకుండా ఆర్డరు పెడితే పెట్టె విప్పాక గొడవ.

ఎయిర్‌పోర్టు పనికి ఇంకో మెలిక ఉంది. రన్‌వే వైపు తిరిగే బళ్లకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాలుంటాయి. మామూలు సర్వీసు బండికి టైప్ సి పసుపు లైటు, అది నిమిషానికి 60 నుంచి 90 సార్లు మెరవాలి, వెలుగు 40 నుంచి 400 క్యాండెలాల మధ్య ఉండాలి. ఆర్65 లైటు సెకనుకు 2 నుంచి 4 సార్లు మెరుస్తుంది, అంటే నిమిషానికి 120 నుంచి 240. రోడ్డు పనికి దివ్యంగా ఉన్న లైటు అక్కడ వేగం ఎక్కువై పనికిరాదు. పైలట్ కళ్లకు కొట్టకూడదు కాబట్టి పై హద్దు కూడా పెట్టారు. శంషాబాద్‌లో ఎయిర్‌సైడ్ బళ్ల పని చూసినవాళ్లకు ఈ తేడా తెలిసే ఉంటుంది. సిటీలో పని నేర్చినవాళ్లకు మాత్రం ఇది కొత్త.

పాత తిరిగే హాలోజెన్ బుగ్గల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లకు పైనే తాగుతుంది, మోటారు బెల్టు ఇసుకకు అరుగుతుంది. ఎల్ఈడీ తీసుకోండి. ఒక్క బీకన్ (చుట్టూ కనిపించే గుండ్రటి లైటు) అయితే 1 నుంచి 2 ఆంపియర్లు, నాలుగడుగుల లైట్ బార్ అయితే రకాన్ని బట్టి 5 నుంచి 10 దాకా. వోల్టేజి 10 నుంచి 30 అని రాసి ఉంటే 12 వోల్టుల వానెత్‌కీ, 24 వోల్టుల లారీకీ ఒకటే సరుకు. దుమ్ముకీ నీళ్లకీ ఐపీ67 కనీసం ఉండాలి. ప్రెషర్ వాషింగ్ చేసే కంపెనీ అయితే ఐపీ69కె. మామూలు రబ్బరు సీలు ఆ జెట్టు కింద రెండు నెలలు కూడా ఆగదు.

అయస్కాంతం లైటు ఒకటీ రెండు రోజుల పనికి సరే. రోజూ తిరిగే బండికి వద్దు. అడుగున ఇసుక చేరి పెయింటు గీసుకుపోతుంది, హైవే మీద గాలికి ఎగిరి వెనక బండి అద్దానికి తగులుతుంది, పైగా ఫైబర్ కెనోపీ మీదా అల్యూమినియం మీదా అసలు అంటుకోదు. బోల్టుతో బిగించండి. రెండు వైపులా జిగురున్న టేపుతో పట్టీ లైట్లు అంటించడమూ అంతే. గల్ఫ్ ఎండలో మెత్తబడి జారతాయి. టేపు సర్దడానికే, మోయడానికి కాదు.

ఎక్కడ పెట్టాలి? చుట్టూ నడిచి చూడటమే దీనికి జవాబు. క్యాబిన్ టాపు మీద ఒకే బీకన్ పెట్టి, వెనక నిచ్చెన ర్యాకు వేశారనుకోండి. వెనక నుంచి వచ్చేవాడికి ర్యాకే కనబడుతుంది, బీకన్ కాదు. అప్పుడు ర్యాకు పైకి ఎక్కించాలి, లేదా వెనక ఇంకోటి కలపాలి. బండికి పదిహేను మీటర్ల దూరంలో గుండ్రంగా నడవండి, మధ్యమధ్య మోకాళ్ల మీద కూర్చుని కూడా చూడండి. ఏ మూల నుంచైనా ఒక్క లైటైనా కళ్లబడాలి. అన్నిటికన్నా ఎక్కువ జరిగే పొరపాటు వెనక డాలా (కిందికి తెరుచుకునే తలుపు) మీద లైట్లు పెట్టడం. రోడ్డు పక్కన ఆపి కోన్లు దింపాలంటే డాలా పడుకోబెడతారు. సరిగ్గా లైటు కావాల్సిన ఆ నిమిషంలోనే లైట్లు నేల వైపో ఆకాశం వైపో తిరుగుతాయి. వెనక లైట్లు ఎప్పుడూ కదలని చోటే, అంటే బాడీ మూల స్తంభాలకో ర్యాకు వెనక కమ్మీకో ఉండాలి. ఎత్తు పెరిగాక మొత్తం ఎత్తు కొలిచి డ్రైవరు ముందు స్టిక్కరు అంటించండి. బేస్‌మెంట్ పార్కింగుల్లో విరిగిన బీకన్లకు లెక్కలేదు.

ఇక అసలు పని, వైరింగు.

కొత్త బళ్లలో టెయిల్ ల్యాంపు నుంచి కరెంటు గుంజడం మానెయ్యాలి. ఇప్పటి బళ్లలో లైట్లను బాడీ కంట్రోల్ మాడ్యూలు అనే చిన్న కంప్యూటరు నడుపుతుంది. ఎంత కరెంటు పోతోందో అది లెక్క చూసుకుంటుంది. కొన్నిట్లో కరెంటును ముక్కలు ముక్కలుగా కొట్టి పంపుతుంది. అలాంటి చోట ఎల్ఈడీ బార్ తగిలిస్తే పిచ్చిపిచ్చిగా మెరుస్తుంది, లేదా డ్యాష్‌బోర్డులో బల్బు పోయినట్టు గుర్తు వెలుగుతుంది. నీలం ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టి నొక్కేస్తే వైరు పోగులు తెగి, ఉప్పుగాలికి పచ్చగా పట్టి ఆరు నెలలకు పోతాయి.

బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా లైను తీయండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది వైరుని, లైటుని కాదు. ఈ ఒక్క మాట అర్థమైతే ఎంత ఫ్యూజు, ఎక్కడ అన్నది దానంతటదే తేలుతుంది. లైటు దగ్గర ఫ్యూజు పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న వైరుకి దిక్కెవరు? 8 ఆంపియర్ల బార్‌కి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు. ఒక్క బీకన్‌కి 1 లేదా 1.5 వైరు, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

వైరు లావు ఎందుకో లెక్క చూడండి. పోను ఐదు మీటర్లు, రాను ఐదు, మొత్తం పది. 2.5 రాగి వైరు మీటరుకు సుమారు 7 మిల్లీఓమ్‌లు, పది మీటర్లకు 0.07 ఓమ్. 8 ఆంపియర్లు పోతే 0.56 వోల్టు తగ్గుతుంది. అదే 1 స్క్వేర్ వైరు వేస్తే 1.4 వోల్టు దాకా పోతుంది. ఎల్ఈడీ లోపలి డ్రైవరు 10 వోల్టుల దాకా సర్దుకుపోతుంది కాబట్టి లైటు వెలుగుతూనే ఉంటుంది, తప్పు కనబడదు. బయట పడేది ఎండాకాలం మధ్యాహ్నం, వైరు వేడెక్కి, జాయింటు ఇంకాస్త వదులయ్యాక. ఇంట్లో వాడే ఫ్లెక్సిబుల్ వైరు వద్దు. దాని తొడుగు 70 డిగ్రీలకే లెక్క, ఇంజిన్ గదికి 105 డిగ్రీల ఆటో వైరు కావాలి. చవక వైరు పోగు గోరుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం.

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు. దాని కాళ్ల అంకెలు నోటికి వచ్చి ఉండాలి. 30కి ఫ్యూజు నుంచి వచ్చే కరెంటు, 87 నుంచి లైటుకి, 86కి స్విచ్చు నుంచి, 85 ఎర్త్‌కి. స్విచ్చుకి కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లోనే వచ్చే చోటు నుంచి తీసుకోండి. సగటున 5 ఆంపియర్లు తాగే బార్ రాత్రంతా వెలిగితే 60 ఏహెచ్ బ్యాటరీ పొద్దున్న లేవదు, డ్రైవరు ఫోను మాత్రం లేస్తుంది. స్విచ్చు ఆపితే లైటు వెలిగి, వేస్తే ఆరిపోతోందంటే ఐదు కాళ్ల రిలేలో 87ఏకి తగిలించారని అర్థం. ఇంకో మాయ ఏంటంటే, చూడటానికి ఒకేలా ఉన్న కొన్ని రిలేల్లో 30, 86 స్థానాలు తారుమారై ఉంటాయి. స్థానం చూసి కాదు, అంకె చదివి బిగించండి. రిలే లోపలి కాయిల్ (తీగచుట్ట) ఆగినప్పుడు వచ్చే ఎదురు వోల్టేజికి 1ఎన్4007 డయోడు, గీత ఉన్న వైపు 86కి. డయోడు లోపలే ఉన్న రిలే దొరికితే ఇంకా మంచిది.

ఎర్త్ గురించి ఎంత చెప్పినా తక్కువే. బీకన్ బిగించిన బోల్టునే ఎర్త్ అనుకోవద్దు, పౌడర్ కోటింగ్ మీద కూర్చున్న బోల్టుకి బాడీతో చుట్టరికం లేదు. బ్రేకు తొక్కితే బార్ తడబడుతోందా, ఇండికేటరు వేస్తే మెరుపు ప్యాటర్న్ మొదటికి వస్తోందా? అయితే రెంటికీ ఒకే ఎర్త్, అదీ బలహీనమైన ఎర్త్. విడిగా నల్ల వైరు లాగండి. ఛాసిస్ మీద ఎర్త్ చేసేచోట రూపాయి బిళ్లంత పెయింటు గీకి, ఎం6 బోల్టు, పళ్ల వాషరు, లగ్గు (వైరు చివర నొక్కే లోహపు ముక్క) వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయాలి.

లగ్గులు రాచెట్ క్రింపింగ్ టూలుతో నొక్కాలి, కటింగ్ ప్లేయరుతో కాదు. మన ఉస్తాదులు సోల్డరింగ్ చేస్తేనే గట్టి అంటారు. టేబుల్ మీద పెట్టిన రేడియోకి అది నిజం. గతుకుల్లో ఊగే బండిలో సోల్డరు పాకిన చోట పోగులు బిరుసెక్కి, ఆ అంచు దగ్గరే తెగుతాయి. నొక్కాక గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడాలి. పైన లోపల జిగురున్న హీట్ స్లీవు వేయండి.

టాపుకి రంధ్రం పెట్టే ముందు హెడ్‌లైనింగ్ (టాపు లోపలి తొడుగు) కాస్త దించి చూడాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు తలుపుల పైన రెండు అంచుల వెంట, ముందు స్తంభం దాకా ఉంటాయి. వాటి మీదుగా వైరు పోనివ్వద్దు. రంధ్రం అంచుకి ప్రైమరు రాసి ఆరాకే గ్రోమెట్ (రబ్బరు రింగు) పెట్టాలి. సిలికాన్ న్యూట్రల్ క్యూర్ రకమే వాడండి, వెనిగర్ వాసన వచ్చేది ఇనుమును తింటుంది. రంధ్రం వద్దనుకుంటే క్యాబిన్ వెనక హెడ్‌బోర్డు మీద బిగించి, ఛాసిస్ వెంట కంపెనీ లూము (వైర్ల కట్ట) పక్కన కొరుగేటెడ్ పైపులో తీసుకురండి. అడుగుకో నల్ల టై. తెల్ల టైలు ఎండకు పెళుసై విరుగుతాయి. సైలెన్సరుకీ బ్రేకు పైపులకీ దూరం. కనెక్టరు దగ్గరికి వచ్చే ముందు వైరు కాస్త కిందికి వేలాడి పైకి ఎక్కాలి, అప్పుడు నీటిబొట్టు లోపలికి పోకుండా కింద రాలిపోతుంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. ఆ టాపు రేకు మీద పని తెల్లవారుజామునే పెట్టుకోండి.

బిగించాక ఇంజిన్ నడుస్తుండగా, అన్ని లైట్లూ వేసి మల్టీమీటరు పెట్టండి. బ్యాటరీ ప్లస్‌కీ లైటు ప్లస్‌కీ మధ్య అర వోల్టు దాటకూడదు, మైనస్ వైపు అంతకంటే తక్కువ రావాలి. వాకీటాకీ ఆన్ చేసి వినండి. చవక ఎల్ఈడీ డ్రైవర్లు బరబరమని మోత పుట్టిస్తాయి. ఏంటెన్నా కేబులుకి దూరంగా వైరు మార్చినా పోకపోతే లైటు మార్చాల్సిందే. రాత్రి ఒకసారి డ్రైవరు సీట్లో కూర్చోండి. బానెట్ మీదా వెనక అద్దంలోనూ మెరుపు కళ్లలో కొడుతుంటే బార్‌ని వెనక్కి జరపాలి, లేదా బార్ నుంచి వచ్చే, వెలుగు తగ్గించే వైరును పార్కు లైటు లైనుకి రిలేతో కలపాలి. ఆ వైరు రంగు ప్రతి కంపెనీకీ వేరే. పసుపు అయితే సింక్ (లైట్లన్నీ కలిసి మెరవడానికి కలిపే వైరు) అని గుడ్డిగా నమ్మకుండా పెట్టెలో వచ్చిన కాగితం చదవండి.

పోయే ముందు ఇక్కడే చేయి అలవాటు చేసుకోవచ్చు. రాణిగంజ్‌లో రిలే, బేస్, ఫ్యూజు హోల్డరు, ఐదు మీటర్ల వైరు కొని, ప్లైవుడ్ ముక్క మీద బిగించి, పాత బ్యాటరీతో పదిసార్లు కట్టి విప్పండి. రాచెట్ క్రింపరు, మల్టీమీటరు సంచిలో వేసుకుని పోయినా పర్లేదు, లగేజీలో పెట్టాలి అంతే. హీట్ స్లీవుకి వాడే గ్యాసు డబ్బా మాత్రం విమానంలో పెట్టనివ్వరు.

చివరికి ఫ్యూజు బాక్సు మూత లోపల చిన్న చీటీ అంటించండి. బీకన్, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు, రిలే ఎక్కడుంది, వైరు రంగు ఏది. అంకెల్లో, ఇంగ్లీషులో, వీలైతే అరబ్బీలో. రెండేళ్ల తర్వాత ఆ బానెట్ ఎత్తేది ఫిలిప్పీన్స్ వాడో పాకిస్తాన్ వాడో అయి ఉంటాడు. చీటీ లేకపోతే అతనూ టెయిల్ ల్యాంపు వైరే గీకుతాడు.