ఓక్ కాయలతో ఒకట్లూ పదులూ

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్ వైపు సెప్టెంబరు చివర్లో ఓక్ కాయలు రాలడం మొదలవుతుంది. అక్టోబరు సగానికి మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు లెక్కలు మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి సరంజామా ఏ కొట్లోనూ దొరకదు. తెలుగులో లెక్కపెట్టించడానికీ ఇదే అదను. రంగుల పేర్లు, జంతువుల పేర్లు తెలుగులో నేర్పే ఇళ్లలో కూడా అంకెల దగ్గరికొచ్చేసరికి వన్, టూ, త్రీ అయిపోతుంది. పది దాటాక పిల్లలకు దారి సులువు చేసేది తెలుగు అంకెలేనని చాలామంది గమనించరు.

ముందు కాయలు. యాభై, అరవై చాలు. గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు ఉన్నవి వదిలేయండి, పురుగు తొలుచుకుని బయటికొచ్చిన గుర్తది. మిగతావాటిని గిన్నెడు నీళ్లలో వేసి, తేలినవి పారేయండి. మునిగినవాటిలోనూ పురుగులు ఉండొచ్చు కాబట్టి తుడిచి, ట్రేలో ఒకే పొరగా పరిచి, ఓవెన్‌లో 175 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర రెండు గంటలు ఉంచాలి. మధ్యలో ఒకట్రెండుసార్లు కదపండి. వేడి ఎక్కువైతే పెంకు పగులుతుంది. ఈ పని మానేసి తడి కాయల్ని జిప్ సంచిలో మూసిపెడితే వారానికల్లా బూజు, లేదంటే సంచి అడుగున తెల్ల పురుగులు. చల్లారాక కాగితం సంచిలో పోసుకోండి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో కాయలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, వాళ్లకు ఆకులూ పెద్ద పైన్ కాయలూ ఇస్తే సరి. ఏరేది మీ పెరట్లోనో, కాలిబాట మీదో అయితే గొడవ లేదు. పార్కుల్లో ఏరనివ్వని చోట్లు చాలా ఉన్నాయి.

బయటికెళ్లే ముందు నేర్పాల్సిన తొలి లెక్క మూడు. తాకితే ఒళ్లు దద్దుర్లెక్కే పాయిజన్ ఐవీ మొక్కకు ఒక్కో కాడకు మూడేసి ఆకులు. శరదృతువులో అది ఎర్రగా, పిల్లలు చూడగానే కోసుకునేలా ఉంటుంది. "కాడకు మూడుంటే ముట్టుకోవద్దు" అన్నది నాలుగేళ్లవాళ్లకు బాగా గుర్తుంటుంది. ఇంటికొచ్చాక చేతులు సబ్బుతో కడిగి, చెవుల వెనకా మోకాళ్ల వెనకా పిడుదులు పట్టాయేమో చూడండి.

ఇరవై దాకా గడగడా చెప్పడం లెక్కపెట్టడం కాదు. ఐదు కాయలు వరసగా పెట్టి ఎన్నున్నాయని అడగండి. ఐదు దాకా వేలు పెట్టి చెప్పిన పిల్ల, "అయితే మొత్తం ఎన్ని?" అనగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివరి మాటే మొత్తమని ఆమెకింకా తెలియదన్నమాట. లెక్క అయ్యాక మీరే కాయలన్నిటి చుట్టూ చేయి తిప్పి "మొత్తం ఐదు" అనండి. ఇంకాస్త కష్టమైన పరీక్ష "నాకు నాలుగు కాయలివ్వు, కన్నా" అనడం. ఏడు దాకా లెక్కపెట్టే పిల్లలు కూడా ఇక్కడ గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. ఒకే కాయను రెండుసార్లు లెక్కపెడుతుంటే రెండు పళ్లేలు పెట్టండి. లెక్కపెట్టిన కాయ ఈ పళ్లెంలోంచి ఆ పళ్లెంలోకి పోవాలి.

ఓక్ కాయకు టోపీ విడిగా ఊడొస్తుంది. ఆరు కాయలు దగ్గరదగ్గరగా, ఆరు టోపీలు ఎడంగా పెడితే చాలామంది ఐదేళ్లవాళ్లు టోపీలే ఎక్కువంటారు. వాదించకండి. "కాయకో టోపీ పెట్టు" అంటే చాలు, మిగిలిందేమీ లేదని వాళ్లే చూస్తారు.

ఇక పది దాటే సంగతి. డజను గుడ్ల అట్టడబ్బాలో ఒక చివర రెండు గుంటలు కత్తిరించేయండి. ఐదేసి చొప్పున రెండు వరసలు, పది గుంటలు మిగులుతాయి. పద్నాలుగు కాయలిచ్చి గుంటకొకటి నింపమనండి. డబ్బా నిండింది, నాలుగు బయట మిగిలాయి. పదీ నాలుగూ, పద్నాలుగు. మాటలో ముందు పది వినబడుతుంది, రాతలోనూ ముందు పదుల స్థానమే. ఇంగ్లిష్ ఫోర్టీన్‌లో నాలుగు ముందు వినబడుతుంది. బడిలో 14 బదులు 41 రాసే పిల్లలు చెవినపడిన వరసలోనే రాస్తున్నారంతే. అయితే తెలుగులోనూ అన్నీ అంత తేటగా ఉండవు. పదమూడు తేట. పదిహేను, పదహారులో హకారం అడ్డమొచ్చి ఐదూ ఆరూ సరిగా వినబడవు. పన్నెండులో రెండు దాక్కుంది. అందుకే పదమూడు, పద్నాలుగుతో మొదలుపెట్టి, తర్వాత పదహారు, పదిహేడు చేసి, పదకొండు, పన్నెండు చివరికి ఉంచండి. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని సాఫీగా పోతుంది. రెండో డబ్బా అప్పుడు తీయండి.

ఒకే ఆటలో రెండు భాషలూ కలపొద్దు. తెలుగులో మొదలుపెట్టిన లెక్క తెలుగులోనే ముగియాలి. పద్నాలుగు అనగానే "అంటే ఫోర్టీన్" అని మీరు అందించారంటే, ఆ తర్వాత పిల్లల చెవి ఆ రెండో మాట కోసమే కాచుకుని ఉంటుంది.

తూర్పు అమెరికాలో విరివిగా ఉండే తెల్ల పైన్ చెట్టు సూదులు ఐదేసి చొప్పున గుత్తులుగా రాలతాయి. నాలుగు గుత్తులు ఏరి ఐదు, పది, పదిహేను, ఇరవై. ఏదైనా గుత్తిలో నాలుగే ఉంటే ఎన్ని రాలిపోయాయని అడగండి, తీసివేత దానంతటదే వస్తుంది. రెండేసి, మూడేసి, తలా నాలుగు లాంటి మాటలు ఇంట్లో వాడకం తగ్గి పిల్లలకు చేరడం లేదు. భాగహారానికి పునాది అవే.

కొలతకు ఆకులు బాగుండవు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మర్నాటికి ముడుచుకుపోతాయి. బల్ల పొడవు కొలవాలంటే ఒకే సైజు కాయల్ని సందు లేకుండా వరసగా పేర్చండి. దొర్లిపోతుంటే కింద గరుకు టవలు పరవండి. గుమ్మడికాయలు తెచ్చే రోజుల్లో పెద్దా చిన్నాతో సరిపెట్టకుండా పొడవు, ఎత్తు, లావు, బరువు విడివిడిగా అనండి. ఒక చేతిలో పెద్ద పైన్ కాయ, ఇంకో చేతిలో చిన్న గులకరాయి పెడితే పెద్దదే బరువన్న నమ్మకం అక్కడికక్కడే పోతుంది.

ఐదేళ్లు నిండినవాళ్లకు చింతపిక్కల సరి బేసి ఆట ఓక్ కాయలతో ఆడించొచ్చు. గుప్పిట్లో ఎన్నో పట్టుకుని "సరా, బేసా?" అనాలి. విప్పాక రెండేసి జతలు కట్టాలి. జత లేనిది మిగిలితే బేసి. మొదట్లో పది దాటనివ్వకండి.

చివరికి మూడు కాయలకు నల్ల మార్కరుతో కళ్లూ నోరూ గీసి, టోపీలు జిగురుతో అంటించండి. ఇప్పుడవి మూడు కాయలు కావు, ముగ్గురు. ఇక్కడ పెరిగే పిల్లలు "మూడు పిల్లలు" అనేది ఇంగ్లిష్‌లో ఆ తేడా లేకే. ముఖం గీయకముందు మూడు, గీశాక ముగ్గురు. నాలుగోదానికీ ముఖం వచ్చిందా, నలుగురు. ఐదుగురయ్యాక ఒకరి ముఖం గోడవైపు తిప్పి పెట్టి, ఎంతమంది మనవైపు చూస్తున్నారో అడగండి.