సంస్కారపు ఆదివారానికి ముందు ఒక పసుపు మరక

బుధవారం మా బావగారింట్లో కూడిక. ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర చేపల పులుసు వడ్డిస్తూ మా తోడికోడలు చెయ్యి జారింది, గరిటెడు పులుసు నా తెల్ల మంగళగిరి చీర మీద, సరిగ్గా కుచ్చిళ్ళ దగ్గర పడింది. ఆదివారమేమో సంస్కారం, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు భోజనం. ఆ రోజు మా గుడిలో ఆడవాళ్ళం దాదాపు అందరం తెల్ల చీరలే కట్టుకుంటాం, నాకు కాస్త మంచిది అదొక్కటే. "పర్లేదక్కా" అన్నాను గానీ అన్న తీరు అలా లేదు. పైగా చేతులు కడుక్కునే దగ్గర, తనకు వినబడేలాగే, "కొందరి చేతుల్లో ఏదీ నిలవదు" అన్నాను. అది పులుసు గురించి కాదు, రెండేళ్ళ కిందట మేమిచ్చిన డబ్బు గురించి. తనకూ తెలుసు.

మా వాషింగ్ మెషీన్ అప్పటికి పది రోజులుగా మూలనపడి ఉంది. రాత్రి తొమ్మిదింటికి బకెట్ ముందేసుకుని కూర్చున్నాను. మా బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు, ఎంత సబ్బు రుద్దినా నురగ రాదు, తెల్లటి తెట్టు మాత్రం కడుతుంది. కుళాయి నీళ్ళు పట్టిన బిందె ఒకటి ఉంటే అది వంచేశాను. ముందు గిన్నెలు తోమే సబ్బుతో నూనె జిడ్డు వదిలించాను, అంతవరకు బాగానే ఉంది. తర్వాత బట్టల సబ్బు పెట్టి రుద్దానా, పసుపు మరక కాస్తా ఎర్రగా అయిపోయింది! కుంకుమ ఒలకబోసినట్టు. ఇంకా రుద్దాను, ఇంకా ఎర్రబడింది. అప్పుడు మా తోడికోడల్ని మనసులో ఏమేం అనుకున్నానో ఇక్కడ రాయను.

తర్వాత తెలిసింది, పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే రంగుకు సబ్బులాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుందట. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది అందుకేగా, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, ఆ రాత్రి మాత్రం తట్టలేదు. నిమ్మచెక్కతో రుద్దితే మళ్ళీ పసుపురంగుకు తిరిగింది. బ్లీచింగ్ వేద్దామా అంటే అంచులో జరీ ఉంది, భయం.

పొద్దున్నే చీర డాబా మీద ఆరేశాను. మరక ఎదురింటివాళ్ళకు కనబడకుండా లోపలికి మడిచి మరీ దండెం మీద వేశాను. మా అత్తయ్య పైకొచ్చి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా చీర తిరగేసి, మరకున్న చోటును సూర్యుడి వైపు పరిచి రెండు క్లిప్పులు పెట్టింది. "పసుపు ఎండకు నిలవదమ్మాయ్. దాచిపెడితే ఎలా పోద్ది?" అంది. అంతే, కిందికెళ్ళిపోయింది.

నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. మా అత్తయ్య చెప్పింది చీర గురించే, ఆమె ప్రసంగాలు చేసే మనిషి కాదు. కానీ ఈస్టర్‌కు ముందు వచ్చే ఈ శ్రమల దినాల్లో రోజూ బైబిల్లోని 51వ కీర్తన, దావీదు రాజు క్షమాపణ ప్రార్థన, చదువుకుంటున్నాను. "నన్ను బాగుగా కడుగుము" అని దావీదు అడిగిన చోట హెబ్రీలో ఉన్నది ఒళ్ళు కడుక్కోవడానికి వాడే మాట కాదని, బట్టలు తొక్కి ఉతికే మాట అని ఎప్పుడో బైబిల్ స్టడీలో విన్నాను. అప్పుడు బాగుందే అనుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను, అంతే. బకెట్ ముందు గంటన్నర కూర్చున్నాక దాని బరువు తెలిసింది. దావీదు అడుగుతున్నది పైపైన నీళ్ళు చల్లమని కాదు, తొక్కి పిండమని.

బైబిల్లోనే మలాకీ గ్రంథం 3వ అధ్యాయంలో రాబోయేవాడు "చాకలివాని సబ్బువంటివాడు" అని ఉంటుంది. మా ఊళ్ళో ఆ కులం పేరును తిట్టులా వాడేవాళ్ళు ఆదివారం ఇదే వాక్యానికి తలొంచి ఆమేన్ అంటారు, అది వేరే సంగతి. నాకు తోచింది ఇంకొకటి, సబ్బు తగలగానే మరక పోతుందని మనం అనుకుంటాం, నా చీరకేమో సబ్బు తగిలాకే అసలు మరకెంత ఉందో బయటపడింది. "కొందరి చేతుల్లో" అన్న మాట కూడా అంతే. ప్రార్థనలో కూర్చుంటే చాలు అదే గుర్తొస్తోంది, రోజురోజుకీ ఇంకా ఎర్రగా కనబడుతోంది.

గురువారం, శుక్రవారం, శనివారం. పొద్దున్నే తడపడం, మరకను ఎండకు పరచడం, మధ్యాహ్నం మళ్ళీ కాస్త నీళ్ళు చల్లడం. గుంటూరు ఎండ మార్చిలోనే ఏ స్థాయిలో ఉంటుందో చెప్పక్కర్లేదు, ఏడాదంతా తిట్టుకునే ఆ ఎండకే ఈసారి మొక్కినంత పని చేశాను. మొదటి రోజుకే సగం పోయింది. నేను రుద్దింది ఏమీ లేదు, నా వంతు నూనె వదిలించడం వరకే. శనివారానికి లేత నీడలా మిగిలింది. నీలిమందు కాస్త ఎక్కువ వేస్తే కనబడదని మా పనమ్మాయి అంది. వద్దన్నాను, నీలం వేస్తే పసుపు కళ్ళకు ఆనదు గానీ అక్కడే ఉంటుంది. ఆ మాట అంటుంటే నాకే నవ్వొచ్చింది, ఎందుకంటే మూడు రోజులుగా మా తోడికోడలికి వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌లు, వాక్యాల బొమ్మలు పంపుతూనే ఉన్నాను.

శనివారం సాయంత్రం గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేశాను. ఇంకోసారి ఇస్త్రీ చేద్దామా అని కూడా అనిపించింది, ఫోన్ చేయడం తప్పించుకోవడానికి. చివరికి చేశాను.

"అక్కా, బుధవారం చెయ్యి కడుక్కుంటూ నేనన్న మాట..."

చాలాసేపు అవతల చప్పుడు లేదు. కుక్కర్ విజిల్ వినబడింది.

"డబ్బు జూన్‌లో ఇస్తాం," అంది.

"డబ్బు గురించి కాదక్కా. అలా అనకూడదు, అన్నాను. తప్పు నాదే."

మళ్ళీ చప్పుడు లేదు. తర్వాత, "మరక పోయిందా?" అంది.

"కొంచెం ఉంది."

"కుచ్చిళ్ళ లోపలికి వచ్చేలా కట్టుకో. ఎవరికీ కనబడదులే."