బాబాయి షాపులో ఎస్ఎంపీఎస్

శ్రావణం దగ్గరికొచ్చేసింది, తెనాలిలో బాబాయి డీటీపీ షాపు నిండా శుభలేఖల పనే, సరిగ్గా ఇప్పుడే ఆ పాత కంప్యూటర్ ఆన్ కావడం మానేసింది. దాంట్లో ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పక్కన కొత్త మెషీన్ ఉన్నా పాత ఫైళ్లన్నీ దీంట్లోనే ఉన్నాయి కాబట్టి బాబాయి దీన్ని వదలడు, వదలమని నేనూ అనను.

"రాత్రి బాగానే ఆపానమ్మా, పొద్దున బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు" అన్నాడు ఫోన్లో. ఎవరికో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, దీనికి బోర్డులు దొరకవు, కొత్తది కొనుక్కోండి అన్నారట. మీటర్ పెట్టి చూశారా బాబాయ్ అంటే, లేదు, చూడగానే చెప్పేశారన్నాడు. నాకు ఒళ్లు మండింది. కొలవకుండా బోర్డు పోయిందని ఎలా చెప్తారు?

ఇంకా అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. ఈమధ్య రోజూ పొద్దున రెండు మూడుసార్లు నొక్కితే గానీ ఆన్ కావట్లేదట, ఒక్కసారి ఆన్ అయిందంటే మాత్రం సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదట. ఈ మాట వినగానే నాకు అనుమానం ఎస్ఎంపీఎస్‌లోని, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టెలోని, కరెంటుని కాసేపు నిలవుంచే కెపాసిటర్ల మీదికే పోయింది, ఎందుకంటే లోపలి ద్రవం ఎండిపోతున్న కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది, కాస్త వేడెక్కితే ఎలాగోలా నెట్టుకొస్తుంది.

మీటరూ సోల్డరింగ్ ఐరనూ సంచిలో వేసుకుని బస్సెక్కాను. వెళ్లగానే ఎస్ఎంపీఎస్ 24 పిన్నుల కనెక్టర్‌ని బోర్డు నుంచి పీకేసి, ప్లగ్ పెట్టి, ఊదా వైరుకీ నల్ల వైరుకీ మధ్య కొలిచాను. అది స్టాండ్‌బై లైను, కంప్యూటర్ ఆపి ఉన్నా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ అక్కడ 5 వోల్టులు ఉండాలి. 4.75 కంటే తగ్గకూడదు, 5.25 దాటకూడదు. ఇక్కడ 3.4 చూపిస్తోంది, అదీ నిలకడగా లేదు. ఎస్ఎంపీఎస్‌ని ఆన్ చేసే ఆకుపచ్చ వైరుని చిన్న వైరు ముక్కతో నల్లదానికి కలిపితే ఫ్యాన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. బోర్డు తగిలించకుండానే ఇలా ఉందంటే బోర్డుని అనాల్సిన పని లేదు.

పెట్టె విప్పే ముందు ప్లగ్ తీసేసి పక్కన పెట్టాను. మన 230 వోల్టుల ఏసీ కరెంటు రెక్టిఫై అయ్యాక, అంటే డీసీగా మారాక, లోపలి పెద్ద కెపాసిటర్ల దగ్గర దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీసినా అది వెంటనే పోదు. హోల్డర్‌లో ఉన్న బల్బు వైర్లు వాటికి ఆనించి ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా అని చూసుకున్నాకే చెయ్యి పెట్టాను. మీటర్ లేనివాళ్లు ఈ పెట్టె విప్పొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తాను.

లోపల జెరాక్స్ కాగితాల దుమ్ము దిండులా పేరుకుని ఉంది, గాలి ఆడే సందే లేదు. పది డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగానికి పడిపోతుందని లెక్క, తెనాలి ఎండల్లో రేకుల షెడ్డు కింద దీని సంగతి వేరే చెప్పాలా? చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, వేడిని లాగేసే హీట్‌సింక్‌కి ఆనుకుని ఉన్న 1000 మైక్రోఫారడ్ల 10 వోల్టుల కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. ఊడదీసి కొలిస్తే 200 కూడా రాలేదు. పక్కనే అదే రకం ఇంకోటి, చూడ్డానికి బాగానే ఉన్నా అదీ అంతే వేడి తిన్నది కాబట్టి రెండూ మార్చాలనుకున్నాను.

సందు చివర టీవీ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. "ఎస్ఎంపీఎస్‌లోకా? 105 డిగ్రీల కండెన్సరే వెయ్యమ్మా, 85ది వేస్తే ఎండాకాలానికి మళ్లీ నా దగ్గరికే వస్తావ్" అని డబ్బాలో వెతికి మరీ 16 వోల్టులవి రెండు తీసిచ్చారు. కండెన్సరన్నా కెపాసిటరన్నా ఒకటే, 105 డిగ్రీలంటే అది తట్టుకునే వేడి. వోల్టేజీ ఎక్కువది వేసినా పర్లేదు, చోటు పడితే చాలు. రెండూ కలిపి 20 రూపాయలు. ఇలా వెతికిచ్చేవాళ్లు ఊరికొకరైనా ఉండాలి.

గీత ఉన్న కాలు నెగటివ్, తిరగేసి పెడితే పేలుతుంది, అందుకని బోర్డు మీద గుర్తు చూసుకుని అతికించాను. దుమ్మంతా బ్రష్‌తో దులిపాను. నేరుగా ప్లగ్ పెట్టకుండా 100 వాట్ల బల్బుని సిరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే వెళ్లేలా పెట్టి చూశాను, ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఇది ఒక్కసారి మెరిసి మందగించింది. ఊదా వైరు 5.06. ఆకుపచ్చ వైరు నల్లదానికి కలిపితే ఫ్యాన్ తిరిగింది, పసుపుది 12.1, ఎరుపుది 5.1, నారింజది 3.3. బూడిద రంగు వైరు మీద కూడా 5 వచ్చింది, వోల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నాయని బోర్డుకి చెప్పేది అదే, అది రానిదే ప్రాసెసర్ పని మొదలెట్టదు.

బిగించి బటన్ నొక్కితే ఎక్స్‌పీ వచ్చింది! బాబాయి మొహం చూడాలి. "పోయిందన్నారు కదే దీన్ని" అంటూ పిన్నిని పిలిచి చూపించాడు. తేదీ మాత్రం ఎప్పటికో వెనక్కిపోయింది, బోర్డు మీద తేదీని గుర్తుంచే బిళ్ల లాంటి సీఆర్2032 సెల్ కూడా అయిపోయిందన్నమాట, అదీ మార్చేశాం.

పాత ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెట్టి వచ్చాను, ఎందుకంటే ఆ హార్డ్‌డిస్క్ వయసూ తక్కువేం కాదు. కాపీ అయ్యాక ఫైళ్లు కొత్త మెషీన్లో తెరుచుకుంటున్నాయో లేదో చూసి రాత్రికి ఫోన్ చెయ్యమన్నాను. ఈసారి వెళ్లినప్పుడు ఆ కొత్త మెషీన్ ఫ్యాన్ దుమ్ము కూడా దులపాలి.