స్క్రీన్ దూరం అడగని దుకాణం: కళ్ళద్దాలతో నా అనుభవం

నిన్న సాయంత్రం కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని జీఎస్టీ లెక్కలు ఒక్క బిగిన పూర్తిచేశాను. మెడ నొప్పి లేదు, తలపోటు లేదు. చత్వారం మొదలై, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకు పనికొస్తుందని ఇది వెంటనే రాస్తున్నాను.

నాకు 46 ఏళ్ళు. కర్నూలులో ఒక బియ్యం వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తాను. కాలేజీ రోజుల నుంచి మైనస్ 1.25 అద్దాలున్నాయి. ఈ మధ్య బిల్లుల్లో 3, 8 ఒకేలా కనిపించసాగాయి. కంటి పరీక్ష సులువుగానే అయింది. దగ్గరి చూపుకు 1.50 అదనంగా కావాలని డాక్టరు గారు చీటీ రాసిచ్చారు.

చీటీ పట్టుకుని మావారితో కలిసి ఊళ్ళో పేరున్న పెద్ద దుకాణానికి వెళ్ళాను. ప్రోగ్రెసివ్ అద్దాలయితే దూరం, కంప్యూటర్, పుస్తకం అన్నీ ఒకే జతలో కనిపిస్తాయన్నారు. స్క్రీన్ నుంచి వచ్చే నీలి కాంతిని తగ్గించే బ్లూ కట్ పూత తప్పనిసరి అన్నారు. మీ స్క్రీన్ ఎంత దూరంలో ఉంటుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. పదివేలకు పైగా కట్టాం.

ఆఫీసులో పెట్టుకుంటే గడ్డం పైకెత్తితే తప్ప అంకెలు కనపడవు. తల అటూ ఇటూ తిప్పకుండా ఒక వరుస కూడా చదవలేను. తిరిగి వెళ్ళి చెబితే, యజమాని నా వైపు చూడనే లేదు. పక్కనున్న మావారితో, "సార్, మేడం గారికి అలవాటు కావాలి. ఈ వయసులో ఆడవాళ్ళు కొంచెం భయపడతారు, మీరు నచ్చజెప్పండి" అన్నాడు. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళంతా నా వైపు తిరిగారు. కళ్ళు నావి, డబ్బు నా జీతంలోది. ఇరవై ఏళ్ళుగా పైసా తేడా రాకుండా లెక్కలు రాస్తున్నదాన్ని. ఏది కనిపిస్తోందో ఏది కనిపించడం లేదో నాకు తెలియదా? "నాతో మాట్లాడండి" అన్నాను గట్టిగా. "వారం వాడి రండి మేడం" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఎన్నిసార్లు వెళ్ళినా అదే జవాబు.

కొండారెడ్డి బురుజు దగ్గర చిన్న దుకాణం నడిపే ఒక పెద్దాయన నా గోడు పూర్తిగా విన్నారు. "అమ్మా, రేపు టేపుతో మీ కంటి నుంచి స్క్రీన్‌కు ఎంతుందో కొలుచుకుని రండి" అన్నారు. 68 సెంటీమీటర్లు వచ్చింది. దగ్గరి చూపు పరీక్ష మామూలుగా పుస్తకం పట్టుకునే 40 సెంటీమీటర్ల దగ్గర చేస్తారట. ప్రోగ్రెసివ్ అద్దంలో పైభాగం దూరానికి, అడుగుభాగం చదవడానికి. కంప్యూటర్‌కు పనికొచ్చేది మధ్యలో ఉన్న ఇరుకైన దారి ఒక్కటే, దానికి రెండు పక్కలా మసక. గడ్డం ఎందుకు ఎత్తాల్సి వస్తోందో అప్పుడు అర్థమైంది. అదనపు పవర్‌లో సగం, అంటే 0.75ను నా మైనస్ 1.25కు కలిపి, మైనస్ 0.50తో ఒకే పవర్ అద్దాలు చేసిచ్చారు. ఇప్పుడు స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా తేటగా ఉంది. గోడ గడియారం కాస్త మసకగా కనిపిస్తుంది. ఫరవాలేదు, నేను చదవాల్సింది గడియారం కాదు. ఇవి పెట్టుకుని మాత్రం బండి నడపకండి.

ట్యూబులైటు మెరుపు అద్దం మీద పడకుండా ఉండే పూతకు డబ్బు పెట్టండి. బ్లూ కట్‌కు వద్దు. కంప్యూటర్ వల్ల కలిగే కంటి అలసటను అది తగ్గిస్తుందనడానికి ఆధారం దొరకలేదని వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష చెబుతోంది. స్క్రీన్ చూస్తున్నప్పుడు మనం రెప్పలు తక్కువగా ఆర్పుతాం, అందుకే కళ్ళు పొడిబారతాయి. దానికి ఏ పూతా మందు కాదు.

ప్రోగ్రెసివ్ జత బజారుకు, పెళ్ళిళ్ళకు వాడుతున్నాను. ఆ పెద్ద దుకాణం మెట్లు మాత్రం మా ఇంట్లో ఎవరినీ ఎక్కనివ్వను.